క్రెడిట్ స్కోరు దెబ్బతిన్నవారికి వేరే సోషల్ సెక్యూరిటీ నంబరుతో ఇల్లు ఇప్పిస్తామనేవారితో జాగ్రత్త (డాలస్ పరిసరాల్లోని మనవారికి)

డాలస్, అర్వింగ్, ఫ్రిస్కో ప్రాంతాల్లో అద్దె ఇల్లు వెతుకుతున్నవారు, ముఖ్యంగా ఉద్యోగం పోయి క్రెడిట్ కార్డుల బాకీలు పేరుకుని స్కోరు పడిపోయినవారు, ఎవరికైనా డబ్బు పంపే ముందు దయచేసి ఇది చదవండి. నేను 1,450 డాలర్లు పోగొట్టుకున్నాను. ఆ డబ్బుకన్నా పెద్ద ప్రమాదం ఒకటి, అంటే ఫెడరల్ నేరం కింద లెక్కకు వచ్చే ఒక సంతకం, చివరి నిమిషంలో కంటపడబట్టి తప్పిపోయింది.

2024 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో నా ఉద్యోగం పోయింది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఆ తర్వాత దొరికే గడువు 60 రోజులే కాబట్టి, మరో కంపెనీ నా కోసం వీసా పిటిషన్ వేసేదాకా రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపాను. 52వ రోజున అర్వింగ్‌లో పని దొరికింది. ఆ హడావుడిలో రెండు తప్పులు చేశాను. చేతిలో ఉన్న కాస్త డబ్బు అద్దెకూ టిక్కెట్లకూ దాచుకుని, మూడు క్రెడిట్ కార్డులకు రెండు నెలలు ఏమీ కట్టలేదు. కట్టాల్సిన తేదీ దాటి 30 రోజులయ్యాక గాని ఆ ఆలస్యం క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కదని, కనీస మొత్తమైనా ఆలోగా కట్టి ఉంటే సరిపోయేదని నాకు తరువాత తెలిసింది. రెండో తప్పు, ఆగస్టు నెలాఖరు వరకు లీజు ఉండగా ఏప్రిల్‌లోనే హ్యూస్టన్ అపార్ట్‌మెంటు ఖాళీ చేసి, ఆ లెక్క తేల్చుకోకుండా వచ్చేయడం. 731 ఉన్న నా స్కోరు జూలై వచ్చేసరికి 548కి దిగింది.

నా భార్య, పాప అప్పటికి గుంటూరులో ఉన్నారు. ఇక్కడ ఆగస్టు మధ్యలో బడులు తెరుస్తారు; పాపను చేర్చాలంటే ఆ పరిధిలో నివాసం ఉన్నట్టు లీజు కాగితమో కరెంటు బిల్లో చూపాలి. అంటే చేతిలో ఉన్నది మూడు వారాలు. హైదరాబాదులో ఇల్లు అద్దెకు అడిగితే మీదే ఊరు, ఏం తింటారు, పిల్లలెందరు అని ఓనరుగారు గుమ్మంలోనే నిలదీస్తారు. చిరాకే అయినా, ఎదురుగా మనిషి ఉంటాడు కాబట్టి బతిమాలుకోవడానికి వీలుంటుంది. ఇక్కడి పెద్ద అపార్ట్‌మెంటు సముదాయాల్లో లీజింగ్ ఆఫీసులోని అమ్మాయి నవ్వుతూ మంచినీళ్ల సీసా అందిస్తుంది గాని, నిర్ణయం మాత్రం మన క్రెడిట్, పాత అద్దెల చరిత్ర తనిఖీ చేసే స్క్రీనింగ్ కంపెనీ కంప్యూటరుదే. మూడు చోట్ల పెద్దవాళ్లిద్దరికీ తలకు 75 డాలర్ల చొప్పున దరఖాస్తు రుసుము కట్టాను, మూడు చోట్లా తిరస్కరించారు. తిరస్కరించినప్పుడల్లా ఒక లేఖ మెయిల్‌కు వచ్చింది. సిగ్గుతోనో విసుగుతోనో వాటిని తెరిచి కూడా చూడలేదు. ఆ లేఖల సంగతి మళ్లీ చెబుతాను, ఎందుకంటే నాకు కావలసిన సమాధానం మొదటినుంచీ వాటిలోనే ఉంది.

ఆ దశలో ఒక తెలుగు వాట్సాప్ గ్రూపులో, క్రెడిట్ సమస్య ఉన్నా, లీజు మధ్యలో విరిగినా, వారంలో ఇల్లు ఖాయం అన్న సందేశం చూశాను. ఫోన్ చేస్తే అవతలి వ్యక్తి మన యాసలోనే, అన్నా అని పిలుస్తూ, నా గోడు మొత్తం ఓపికగా విన్నాడు. స్నేహితులకు కూడా చెప్పుకోలేని విషయాన్ని అంత శ్రద్ధగా వినే మనిషి దొరికేసరికి నాకున్న జాగ్రత్త సగం కరిగిపోయిందని ఒప్పుకోవాలి. తాను అపార్ట్‌మెంట్ లొకేటర్‌నని, అంటే అద్దె ఇళ్లు కుదిర్చే ఏజెంటునని, ఫైలు ఖర్చుల కింద 1,450 డాలర్లు జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సదుపాయం) పంపితే మిగతాదంతా తానే చూసుకుంటానని చెప్పాడు. డబ్బుతో పాటు పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ కార్డు (ఇక్కడ పన్నులకూ క్రెడిట్‌కూ వాడే తొమ్మిదంకెల గుర్తింపు నంబరు దాని మీదే ఉంటుంది), అమెరికాలోకి ప్రవేశించినట్టు చూపే ఐ-94, రెండు పేస్లిప్పుల ఫోటోలు కూడా పంపాను.

ఇక్కడే ఆగి ఆలోచించాల్సిన సంగతులు రెండున్నాయి. టెక్సస్‌లో రుసుము తీసుకుని అపార్ట్‌మెంట్లు చూపించి కుదిర్చేవారికి రియల్ ఎస్టేట్ లైసెన్సు ఉండాలి. పేరు కొడితే ఆ లైసెన్సు ఉందో లేదో టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. అలాగే, లొకేటర్లకు మామూలుగా కమీషన్ ఇచ్చేది అపార్ట్‌మెంటు వాళ్లే. అద్దెకుండేవారి దగ్గర ముందుగానే వెయ్యికి పైగా అడిగారంటే అది ఇల్లు చూపే పనికి కాదు, మరి దేనికో అని అర్థం చేసుకోవాలి.

ఆ మరి దేనికో ఏమిటన్నది నాలుగో రోజున బయటపడింది. దరఖాస్తు తానే ఆన్‌లైన్‌లో నింపి, సంతకం కోసం లింకు పంపాడు. ఆఫీసులో భోజన విరామంలో ఫోన్‌లో చూస్తూ సంతకం పెట్టబోయి, పేజీ పైకి జరిపితే, సోషల్ సెక్యూరిటీ నంబరు గడిలో చివరి నాలుగు అంకెలు నావి కావు. టైపు చేయడంలో పొరపాటనుకుని ఫోన్ చేశాను. "పొరపాటు కాదన్నా, మీ సోషల్ పాడైపోయింది కదా, ఇది సీపీఎన్. దీని మీద ఏ మచ్చా ఉండదు. ఇక్కడ పెద్ద పెద్ద వాళ్లంతా వాడేది ఇదే, లాయర్లే ఇస్తారు" అన్నాడు.

సీపీఎన్ అంటే క్రెడిట్ ప్రైవసీ నంబరు అని చెబుతారు. సోషల్ సెక్యూరిటీ నంబరులాగే తొమ్మిది అంకెలుంటాయి. అలాంటి నంబరును ఏ ప్రభుత్వ కార్యాలయమూ ఇవ్వదు, చట్టంలో దానికి చోటే లేదు. అమ్మేవాళ్లు దాన్ని ఊరికే అల్లేస్తారు, లేదా వేరొకరి అసలు సోషల్ నంబరు దొంగిలించి ఇస్తారు. క్రెడిట్ చరిత్ర మొదలవని చిన్నపిల్లలవి, రిపోర్టు ఎప్పుడూ తీసి చూడని వృద్ధులవి, జైల్లో ఉన్నవారివి ఎక్కువగా ఇలా వాడతారు. 2011 జూన్‌కు ముందు మొదటి మూడు అంకెలను బట్టి నంబరు ఏ రాష్ట్రంలో ఇచ్చిందో తెలిసేది. ఆ తర్వాత అంకెలను క్రమం లేకుండా ఇస్తున్నందువల్ల, కొత్తగా పుట్టిన పిల్లల నంబర్లు ఇలాంటివాళ్లకు మరింత అనువుగా మారాయి. నా దరఖాస్తులో పెట్టిన ఆ తొమ్మిది అంకెలు ఏ బడికెళ్లే పిల్లవో అయి ఉండవచ్చన్న ఆలోచన వస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మోసం చేసే ఉద్దేశంతో తనది కాని సోషల్ సెక్యూరిటీ నంబరును తనదిగా చూపడం ఫెడరల్ చట్టం కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం. సంతకం మనది కాబట్టి, ఏజెంటు చెప్పాడండీ అన్న మాట మనల్ని కాపాడదు. ఇక్కడి పౌరుడైతే కేసుతోనో జరిమానాతోనో పోవచ్చునేమో గాని, వీసా మీద ఉన్నవారికి, గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడ్డవారికి, మోసానికి సంబంధించిన నేరం రికార్డులో పడితే ఇన్నేళ్ల బతుకూ తలకిందులవుతుంది. ఇల్లు దొరకకపోతే హోటల్లో నెల రోజులుండవచ్చు. ఈ సంతకం పెట్టి దిగిన ఇంట్లో మాత్రం తలుపు తట్టిన ప్రతిసారీ గుండె జారుతుంది.

వద్దు, నా డబ్బు తిరిగి ఇవ్వమన్నాను. మొదట బుజ్జగించాడు, తర్వాత ఫైలు ఖర్చయిపోయిందన్నాడు, ఆ రాత్రికి నన్ను బ్లాక్ చేసి, తాను గ్రూపులోంచి వెళ్లిపోయాడు. బ్యాంకు వాళ్లు జెల్‌లో మీ అంతట మీరు పంపిన డబ్బు కాబట్టి వెనక్కి తేలేమన్నారు. పంపిన కాగితాలు అతని దగ్గరే ఉన్నాయి కాబట్టి అదే రాత్రి ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ రిపోర్టు సంస్థల్లోనూ నా క్రెడిట్ ఫైలును ఫ్రీజ్ చేశాను, అంటే నా పేరుతో ఎవరూ కొత్త అప్పు తీయకుండా తాళం వేయించాను. 2018 నుంచి ఇది ఉచితం, ఒక్కోదానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. నా పేరుతో ఎవరూ పన్ను రిటర్ను వేయకుండా ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైటులో ఆరంకెల ఐపీ పిన్ కూడా తీసుకున్నాను. ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కూ, టెక్సస్ అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగానికీ, రియల్ ఎస్టేట్ కమిషన్‌కూ ఫిర్యాదులిచ్చాను. మరొక విషయం: క్రెడిట్ బాగుచేస్తామనేవారు పని పూర్తి చేయకముందే డబ్బు తీసుకోవడాన్ని 1996 నాటి ఫెడరల్ చట్టమే నిషేధించింది, రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలి, మూడు పనిదినాల్లో దాన్ని రద్దు చేసుకునే హక్కు మనకుంటుంది. నేను జెల్‌లో డబ్బు పంపినప్పుడు ఒప్పందం కాగితమన్నదే లేదు.

ఇప్పుడు ఆ లేఖల సంగతి. క్రెడిట్ లేదా స్క్రీనింగ్ రిపోర్టును బట్టి దరఖాస్తు తిరస్కరిస్తే, ఆ రిపోర్టు ఏ కంపెనీ ఇచ్చిందో రాసి మనకు తెలియజేయడం చట్టప్రకారం తప్పనిసరి. ఆ నోటీసు అందిన 60 రోజుల్లోపు అడిగితే ఆ కంపెనీ రిపోర్టు ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. తెప్పించుకుని చూస్తే మూడింటిలోనూ అడ్డం పడింది స్కోరు ఒక్కటే కాదు, దానికన్నా ముందు హ్యూస్టన్ అపార్ట్‌మెంటు పేరుతో వసూలు కంపెనీ చూపించిన 8,167 డాలర్ల బాకీ. మళ్లీ అద్దెకిచ్చే రుసుము 1,377, మే నుంచి ఆగస్టు వరకు నెలకు 1,620 చొప్పున నాలుగు నెలల అద్దె 6,480, కార్పెట్టు, పెయింటు కింద 310. పాత ఇంటి పక్కవాళ్లను అడిగితే ఆ ఫ్లాటులో జూన్ ఒకటినే కొత్తవాళ్లు దిగారని చెప్పారు. అద్దెదారు మధ్యలో వెళ్లిపోతే నష్టం తగ్గించుకునే ప్రయత్నం చేయాల్సిన బాధ్యత ఇంటి యజమానికి ఉందని టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 91.006 సెక్షను చెబుతుంది. కొత్తవాళ్ల దగ్గర అద్దె తీసుకుంటూ అదే నెలలకు నా దగ్గరా అడగడం కుదరదని వసూలు కంపెనీకీ, స్క్రీనింగ్ కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. ఇలాంటి అభ్యంతరాన్ని రిపోర్టింగ్ కంపెనీ మామూలుగా 30 రోజుల్లోపు పరిశీలించి తేల్చాలి. బాకీ 3,307కి దిగింది, రెండు వాయిదాల్లో కట్టేందుకు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఏజెంటుకు పోసిన 1,450 ఇందులో కట్టి ఉంటే మొదటి వాయిదా దాదాపు తీరిపోయేది.

ఆ మూడు చోట్లలో ఒకచోట, ఏ ప్రమాణాల మీద అద్దెదారులను ఎంచుకుంటారో తెలిపే కాగితం నాకు ఇవ్వనేలేదు. దరఖాస్తు ఇచ్చేటప్పుడే అది చూపాలని, చూపకుండా తిరస్కరిస్తే రుసుమూ డిపాజిట్టూ తిరిగి ఇవ్వాలని టెక్సస్ చట్టంలో ఉంది. 92.3515 సెక్షను పేర్కొంటూ మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే 150 డాలర్ల చెక్కు ఇంటికొచ్చింది. కాబట్టి కొత్తగా వెతికేవారు ముందు ఆ ప్రమాణాల కాగితం అడిగి, స్కోరు ఎంత ఉండాలి, పాత లీజు బాకీ ఉంటే తీసుకుంటారా లేదా అన్నది చదివాకే రుసుము కట్టండి. చాలాచోట్ల అద్దెకు మూడు రెట్ల ఆదాయం కావాలని ఉంటుంది, కాని పాత అపార్ట్‌మెంటు బాకీ ఉంటే ఆదాయం ఎంతున్నా నేరుగా తిరస్కరించే చోట్లు కొన్ని ఉన్నాయి. అలాంటిచోట కట్టిన 75 డాలర్లు నీళ్లలో పోసినట్టే.

చివరికి ఇల్లు దొరికింది ఒక వ్యక్తిగత యజమాని దగ్గర. ఆస్తి పన్ను కోసం ఇళ్లకు విలువ కట్టే డాలస్ సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో ఇంటి చిరునామా కొట్టి, పన్ను రికార్డుల్లో ఉన్న పేరూ నాతో మాట్లాడుతున్న పెద్దాయన పేరూ ఒకటేనని చూసుకున్నాను. ఫోటోలు ఎక్కడినుంచో ఎత్తి పెట్టి అడ్వాన్సు గుంజే దొంగ ప్రకటనలు కూడా తక్కువేం కాదు. ఇల్లు లోపలికి వెళ్లి చూశాకే మాట్లాడాను. ఉద్యోగం పోవడం, కార్డులు, హ్యూస్టన్ బాకీ, దాని పరిష్కార పత్రం అన్నీ ఆయన ముందు బల్ల మీద పెట్టాను. ఒక నెల డిపాజిట్టు బదులు రెండు నెలలది అడిగారు. టెక్సస్ చట్టంలో డిపాజిట్టుకు పరిమితి లేదు కాబట్టి అది న్యాయమే అనుకుని ఇచ్చాను, చెక్కు రూపంలో, రసీదుతో, దిగేరోజు ప్రతి గది ఫోటోలతో. ఖాళీ చేసేటప్పుడు కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇస్తే 30 రోజుల్లో ఆ డిపాజిట్టో, కోతల లెక్కో పంపాలి. స్కోరు తక్కువని ఎక్కువ డిపాజిట్టు పెట్టినవారికి ఈ గడువు మరీ ముఖ్యం.

పాప బడిలో చేరింది. నా 1,450 డాలర్లు రాలేదు, వస్తాయన్న ఆశ కూడా లేదు. మొన్న మరో గ్రూపులో వేరే పేరుతో, వేరే నంబరుతో, అవే మాటలతో సందేశం కనిపించింది: క్రెడిట్ సమస్య ఉన్నా, లీజు మధ్యలో విరిగినా, వారంలో ఇల్లు ఖాయం. అడ్మిన్‌కు చెప్పి తీయించాను. మీ గ్రూపులో కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు పంపండి. ఇప్పటికే కాగితాలు పంపి ఉంటే, సంతకం పెట్టకముందే దరఖాస్తులోని తొమ్మిది అంకెలనూ మీ కార్డుతో ఒక్కొక్కటిగా సరిచూసుకోండి.