గోడౌన్ స్కానర్‌కి 2.4 పెట్టాలా, 5 పెట్టాలా?

మిర్యాలగూడలో రైస్ మిల్లు గోడౌన్ అయినా, నల్లగొండలో చిన్న షాపు అయినా, చేతిలో పట్టుకునే బార్‌కోడ్ స్కానర్‌కి వైఫై పెట్టేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది అది ఏ రేడియో బ్యాండ్‌లో నడవాలి, 2.4 గిగాహెర్ట్జా, 5 గిగాహెర్ట్జా అని.

2.4 దూరం పోతుంది. గోడ అడ్డమున్నా, బస్తాలు కప్పు దాకా పేర్చినా ఎంతో కొంత సిగ్నల్ అందుతుంది. కానీ ఇందులో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు (బ్యాండ్‌లో సిగ్నల్ నడిచే దారులు) మూడే: 1, 6, 11. పక్క షాపుల రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే దూరతాయి, అందుకే సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నా స్కాన్ చేసింది అలా తిరుగుతూనే ఉంటుంది, బయట లారీ డ్రైవరేమో హారన్ మీద హారన్.

5లో స్పీడు ఎక్కువ, రద్దీ తక్కువ. గోడ అడ్డమొస్తే మాత్రం తొందరగా నీరసపడుతుంది. కొన్ని పాత స్కానర్లకు అసలు కనబడనే కనబడదు.

నన్నడిగితే గోడౌన్‌కి 2.4, కౌంటర్ దగ్గర 5. రెండింటికీ ఒకే పేరుంటే స్కానర్ తనకు తోచిందాన్ని పట్టుకుంటుంది, కాబట్టి రౌటర్‌లో పేర్లు వేరు చేసి, స్కానర్‌లో అక్కర్లేనిదాన్ని 'ఫర్గెట్' కొట్టేయండి. 2.4కి చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచండి, 40 పెడితే పక్కవాళ్లతో గొడవ ఇంకా పెరుగుతుంది.