క్లాసు బాగానే ఉంటుంది, టీచరే నిలబడరు: పదో తరగతి దాకా ఆన్‌లైన్ మ్యాథ్స్ ట్యూషన్ వాడాక

సంస్థ పేరు రాయడం లేదు. రాస్తే నాకు ఇంకో నాలుగు ఫోన్లు వస్తాయి, అంతకు మించి జరిగేదేమీ ఉండదు. బెంగళూరులో హైస్కూలు పిల్లలున్న ఇళ్లకు ఇలాంటి యాప్‌లు కొత్తేమీ కాదు. ఒక్కో పిల్లకు విడిగా క్లాసు, నెలకో రిపోర్టు, హోంవర్కు వగైరా అంతా డెమో రోజే చెప్పేస్తారు కాబట్టి వాటి జోలికి పోను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి మొదట్లో చేరింది, పదో తరగతి బోర్డు పరీక్ష రాసేదాకా ఇందులోనే ఉంది. నేను చెప్పదలుచుకున్నది టీచర్లను మార్చడం గురించి.

మేముండేది మారతహళ్లి దగ్గర. ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. సాయంత్రం సిల్క్ బోర్డు వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇల్లు చేరడం ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి చెప్పే ట్యూటర్ ఒకాయన దొరికారు గానీ గంటకు 800 అన్నారు, పైగా వర్షం పడిన రోజు రానన్నారు. ఈ ఊళ్లో ఆ షరతు పెడితే ఇక వచ్చేదెప్పుడు? కొన్నాళ్లు మా ఆయన కూర్చోబెట్టి చెప్పారు. ఆయనకు లెక్క చకచకా తేలిపోతుంది, పిల్ల రెండో లైను దగ్గరే ఆగిపోతుంది. "ఇందులో అర్థం కానిదేముంది?" అని ఆయన, "అర్థం కాలేదన్నా కదా నాన్నా" అని ఇది. అన్నం తినేటప్పుడు కూడా ఇద్దరికీ మాటలుండేవి కావు. నేను చిత్తూరు జిల్లాలో తెలుగు మీడియంలో చదివాను, ఇంటర్‌లో ఎంపీసీ. లెక్క చేయగలను. అయితే నా స్టెప్పులు వాళ్ల మిస్ చెప్పినట్టు లేవని నా కాగితం పక్కకు నెట్టేసేది.

సీబీఎస్ఈలో పదో తరగతి దాకా మ్యాథ్స్ తప్పదు. మా అమ్మాయి మనసు సైకాలజీ మీద ఉంది. "నాకెందుకమ్మా ఈ సైన్ తీటా?" అని అడిగినప్పుడల్లా నా దగ్గరున్న జవాబు "పాస్ కావాలి కాబట్టి" అన్నదొక్కటే. సైకాలజీలో కూడా స్టాటిస్టిక్స్ ఉంటుందే అంటే, "ఆ చాప్టర్ నేర్చుకుంటాలే, మిగతావి వదిలెయ్యమను" అంది. పిల్లతో వాదించి గెలవలేక ట్యూషన్‌లో చేర్పించాం అన్నా తప్పు లేదు.

మొదటి ఏడాది వచ్చిన సార్ రాజమండ్రి ఆయన, అక్కడి నుంచే చెప్పేవారు. తెలుగు వచ్చిన టీచర్ కావాలని మేమే అడిగాం. పెన్ ట్యాబ్లెట్ ఒకటి విడిగా కొనుక్కోమన్నారు. ఇంత కట్టాక ఇదొకటా అని నసుగుతూనే కొన్నాం. తర్వాత చూస్తే ఈ మొత్తం ఏర్పాటులో నాకు నచ్చింది అదే. పిల్ల రాస్తుంటే అక్షరం అక్షరం ఆయన తెర మీద పడుతుంది. హోంవర్కు ఫోటో తీసి పంపితే తప్పు జవాబు ఒక్కటే కనబడుతుంది. ఇక్కడైతే చెయ్యి ఎక్కడ తప్పటడుగు వేసిందో ఆయనకు అప్పటికప్పుడే తెలిసిపోయేది.

ఒక ఉదాహరణ చెబుతాను. క్వాడ్రాటిక్ లెక్క, అంటే x స్క్వేర్ ఉన్న సమీకరణం. ఎ అంటే 2, బి అంటే −3, సి అంటే −5. రూట్లు ఉన్నాయో లేదో చెప్పే డిస్క్రిమినెంట్ కట్టాలి, బి స్క్వేర్ మైనస్ నాలుగు ఎసి. 9 − 4 × 2 × (−5) అంటే 9 + 40, మొత్తం 49. మా పిల్ల ఐదు ముందున్న మైనస్‌కు బ్రాకెట్ పెట్టేది కాదు. పెట్టకపోయేసరికి ఆ మైనస్ దారిలో ఎక్కడో జారిపోయేది. తొమ్మిదిలోంచి నలభై తీసేసి, −31 అని తేల్చి, "నో రియల్ రూట్స్" అని రాసి కింద గీత కూడా గీసేది. ఆ సమీకరణానికి రూట్లు నిక్షేపంలా ఉన్నాయి, ఐదు బై రెండు, మైనస్ ఒకటి.

సార్ దీన్ని వెంటనే పట్టుకున్నారు. "మైనస్ ఉన్న అంకె కనబడితే ముందు దానికి ఇల్లు కట్టమ్మా, తర్వాతే లెక్కలోకి తీసుకురా" అన్నారు. ఆ తర్వాత ఏ చాప్టర్ నడుస్తున్నా ఆయన మాట ఒకటే, "ఇల్లేదీ?" కోఆర్డినేట్ జామెట్రీలో (−2, 3) నుంచి (4, −5) దాకా దూరం కట్టమంటే, 4 − (−2) రాయాల్సిన చోట 4 − 2 అని మొదలుపెట్టింది. వదిలేస్తే 10 రావాల్సిన జవాబు రూట్ 68 అయ్యేది. "ఇల్లేదీ?" అన్నారు. పిల్ల నవ్వి దిద్దుకుంది. పక్క గదిలో వంట చేసుకుంటూ విన్నాను. మా ఇంట్లో మ్యాథ్స్ దగ్గర నవ్వు వినబడటం అదే మొదలు.

పదో తరగతిలో అర్ధ సంవత్సరం పరీక్షలు దగ్గర పడుతుండగా ఒక సోమవారం లాగిన్ అయితే తెర మీద ఇంకెవరో ఉన్నారు. "మీ కొత్త మెంటర్‌ను కలవండి" అని పక్కన రంగు కాగితాలు ఎగురుతున్న బొమ్మ. సార్ ఎందుకు మానేశారో, మానేశారో లేదో కూడా మాకు చెప్పలేదు. టీచర్ల నంబర్లు తల్లిదండ్రులకు ఇవ్వకూడదని వాళ్ల రూలు, కాబట్టి అడగడానికీ దారి లేదు.

కొత్తగా వచ్చినామె చిన్న వయసు, ఉత్తరాది అమ్మాయి. సబ్జెక్టు బాగా వచ్చు, ఆమె మీద నాకే కోపమూ లేదు. రాగానే మళ్లీ మొదటి నుంచి టెస్టు పెట్టారు. రిపోర్టులో క్వాడ్రాటిక్ ఈక్వేషన్స్ ఎరుపు, కోఆర్డినేట్ జామెట్రీ ఎరుపు, అరిథ్మెటిక్ ప్రోగ్రెషన్స్ నారింజ. "కాన్సెప్ట్ క్లారిటీ అవసరం" అని ఒక వాక్యం. దాన్ని పట్టుకుని క్వాడ్రాటిక్ చాప్టర్ మధ్య పదాన్ని విడగొట్టే దగ్గర్నుంచి మళ్లీ మొదలైంది. పిల్లకు అది వచ్చు. వచ్చని చెప్పదు, "యెస్ మ్యామ్" అంటూ కూర్చుంటుంది. అది అయ్యాక కోఆర్డినేట్ జామెట్రీ మళ్లీ. తర్వాతి టెస్టులో మళ్లీ అదే ఎరుపు, ఎందుకంటే బ్రాకెట్ ఎవరూ అడగలేదు.

నా అక్కసంతా ఇక్కడే. వాళ్ల రిపోర్టు చాప్టర్ల వారీగా ఉంటుంది, పిల్లలు తప్పులు చాప్టర్ల వారీగా చేయరు. మా అమ్మాయిది మూడు చాప్టర్లలో బలహీనత అని యాప్ చూపించింది. పిల్లకున్నది ఒకే ఒక్క అలవాటు, అది మూడు చోట్ల కనబడింది. ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కరే, ఆయన వెళ్లిపోయారు.

ఫోన్ చేశాను. తెలుగబ్బాయే ఎత్తాడు.

"మా టీచర్లందరూ ఒకే కరిక్యులమ్ ఫాలో అవుతారు మేడమ్. మీకు తేడా ఏమీ తెలియదు."

"నాకు తెలియకపోవచ్చు బాబూ, పిల్లకు తెలుస్తోంది. పాత సార్ తన గురించి ఏమైనా రాసిపెట్టి వెళ్లారా?"

"క్లాసుల రికార్డింగులన్నీ ఉన్నాయి మేడమ్."

"కొత్త టీచర్ వాటిని చూశారా?"

అటు నుంచి కీబోర్డు చప్పుడు వినబడింది. "మీ కన్సర్న్ నోట్ చేసుకున్నాను మేడమ్" అన్నాడు.

చివరికి క్లాసయ్యాక ఆమెనే అడిగాను. దాచకుండా చెప్పింది. ఒక క్లాసు వెంట ఒకటి ఉంటుందట, మధ్యలో నీళ్లు తాగే టైమే. తనకు అందేది పిల్ల పేరు, తరగతి, బోర్డు, ఎన్నో చాప్టర్‌లో ఉందన్న వివరం, అంతే. రికార్డింగులు తెరవొచ్చు, కానీ వాటిని చూసే గంటకు ఎవరూ డబ్బివ్వరు. ఆమెను తప్పు పట్టలేం.

ఇది చాలదన్నట్టు సరిగ్గా అప్పుడే స్కూలు వాళ్లు స్టాండర్డా బేసిక్కా తేల్చి చెప్పమన్నారు. తెలియనివాళ్ల కోసం: 2020 పరీక్షల నుంచి సీబీఎస్ఈ పదో తరగతి మ్యాథ్స్‌లో రెండు రకాల పేపర్లున్నాయి. పుస్తకం ఒకటే, పాఠం ఒకటే, స్కూలు వేసే 20 మార్కులూ ఒకే తీరు. బోర్డు ఇచ్చే 80 మార్కుల పేపరు బేసిక్‌లో తేలిగ్గా ఉంటుంది. మొదట్లో బేసిక్ రాసినవాళ్లకు పదకొండులో మామూలు మ్యాథ్స్ ఇచ్చేవాళ్లు కాదు, అప్లైడ్ మ్యాథ్స్ మాత్రం తీసుకోవచ్చు. తర్వాత కాస్త సడలించి, పిల్లకు ఆ సామర్థ్యం ఉందని స్కూలు హెడ్‌కు నమ్మకం కలిగితే ఇవ్వొచ్చన్నారు. సైకాలజీ అంటున్న పిల్లకు బేసిక్ చాలు. పదిహేనేళ్లకు అన్న మాట పదిహేడుకు నిలుస్తుందా అన్నది మా సందేహం. పిల్లకు నిజంగా రాదా, బ్రాకెట్ దగ్గర జారుతోందా? ఈ నిర్ణయానికి కావాల్సింది ఆ ఒక్క జవాబు, అది చెప్పగలిగినాయన నంబరు మా దగ్గర లేదు. సంస్థ కౌన్సెలర్‌ని అడిగితే "పాప టార్గెట్ ఏంటి మేడమ్?" అన్నారు. స్టాండర్డ్ పెట్టాం. సార్ అన్న మాటలు గుర్తు చేసుకుని పెట్టాం తప్ప రిపోర్టు చూసి కాదు.

ఆ ఆదివారం కూర్చుని అర కాగితం రాశాను. "మైనస్ అంకెలకు బ్రాకెట్ పెట్టదు. చాప్టర్ ఏదైనా ఇదే. రాస్తుండగానే ఆపండి, అయిపోయాక చెబితే ఉపయోగం లేదు. అర్థం కాకపోయినా యెస్ అంటుంది, నమ్మకండి." దాన్ని ఇంగ్లీషులో కొట్టి కొత్తామెకు పంపాను. "ఏ పేరెంటూ ఇలా ఇవ్వరు మ్యామ్" అని సంతోషపడింది. అక్కడి నుంచి ఎరుపు తగ్గింది. ప్రీ బోర్డులొచ్చేసరికి ఆమె కూడా మారిపోయింది. మూడో ఆయనకు అదే కాగితం మొదటి రోజే పంపాను, వారంలో దారిలో పడ్డారు. పని జరిగింది, సరే. ఇన్ని వేలు తీసుకున్న సంస్థ రాయాల్సిన కాగితాన్ని చిత్తూరు జిల్లా ఎంపీసీ రాయడమేమిటని మాత్రం ఇప్పటికీ మంటగానే ఉంది.

తొమ్మిదో తరగతి అయిపోయినప్పుడు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇదే సంస్థను బాగా పొగిడాను. నా మాట మీద చేరినవాళ్లూ ఉన్నారు, కాబట్టి వాళ్ల కోసం కూడా ఇది. పిల్ల రాసేది సార్ తెర మీద పడే ఆ వైట్‌బోర్డు గురించి రాసింది ఇప్పటికీ నిజం. "పర్సనల్ అటెన్షన్" అని రాసినదానికి "ఆ సార్ ఉన్నంతకాలం" అని చేర్చుకుని చదవండి. రిపోర్టుల గురించి రాసిన లైను కొట్టేయండి.

డబ్బు లేకుండా ఉపయోగపడినదొకటి చెప్పాలి. సీబీఎస్ఈ ఏటా నమూనా పేపర్లతో పాటు మార్కులు ఎలా వేస్తారో చెప్పే స్కీము కూడా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఏ స్టెప్పుకు ఎంత అన్నది అందులో ఉంటుంది. నా పాత పద్ధతికి కూడా మార్కులు పడతాయని పిల్ల నమ్మింది అది చూశాకే. ఇంకో సంగతి కూడా తెలిసింది. 80లో 20 మార్కులు ఒక్కో మార్కు ఆబ్జెక్టివ్ ప్రశ్నలవి. వాటిలో స్టెప్పుల మార్కులుండవు, బ్రాకెట్ జారితే ఆ మార్కు పోయినట్టే. ఐదు మార్కుల లెక్కలో అదే తప్పు చేసినా కొంత దక్కుతుంది. ఇది తెలిశాక ఆబ్జెక్టివ్ భాగంలో కూడా పక్కన రఫ్‌గా పూర్తిగా రాయమని పోరాను. ఖాన్ అకాడమీలో పదో తరగతి వీడియోలు ఉచితం, బాగుంటాయి కూడా. మా అమ్మాయి మాత్రం వీడియో ముందు కూర్చుంటే తల ఊపుతుంది, రాయదు. రాసే పిల్లలుంటే వాళ్లకు అదే చాలేమో.

బోర్డులో మార్కులు మేమనుకున్నదాని కంటే కాస్త పైనే వచ్చాయి. అందులో ట్యూషన్ వాటా ఎంతో చెప్పలేను. మా ఇద్దరిలో ఒకరు సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉండేట్టయితే, లేదా నడిచి వెళ్లే దూరంలో బాగా చెప్పే టీచర్ ఎవరైనా దొరికితే, దీని వైపు చూసేవాళ్లం కాదు. మా రోడ్డుకి, మా ఉద్యోగాలకి ఇది పనికొచ్చింది. చేరేవాళ్లు తొమ్మిదిలోనే చేరండి, పదో తరగతి మధ్యలో వద్దు. డెమోలో టీచర్ ఎంత బాగా చెబుతున్నారని చూడటం కంటే, ఆ టీచర్ మారితే కొత్తవాళ్లకు ఏం రాసిస్తారో అడగండి. మాకొచ్చిన జవాబే వస్తే మీ అర కాగితం మీరే సిద్ధం చేసుకోండి.

మా వాడు ఏడో తరగతి. వాడికి ఇదే తీసుకుంటామా అంటే, నెలనెలా కట్టే పద్ధతి ఉంటే ఆలోచిస్తాం. అమ్మాయికి ఏడాదికి సరిపడా ఒకేసారి, ఈఎంఐ మీద కట్టాం. పరీక్షలయ్యాక మిగిలిపోయిన క్లాసుల డబ్బు వెనక్కి అడిగితే తమ్ముడి పేరు మీదికి మార్చుకోమంటున్నారు. ఒప్పుకోలేదు, మెయిల్ మీద మెయిల్ నడుస్తోంది. డబ్బు వస్తే ఇక్కడే కింద రాస్తాను.