పాత రేడియోల స్పీకర్ జాలీలకు రంగు: ఆటోనగర్ షెడ్డులో రెండుసార్లు చేయించిన పని

విజయవాడ ఆటోనగర్‌లో కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే ఒక చిన్న షెడ్డు ఉంది. దానికి బోర్డు కూడా లేదు. ఇద్దరు అన్నదమ్ములు, ఒక కుర్రవాడు కలిసి నడుపుతున్నారు. గడచిన ఏడాదిన్నర కాలంలో నేను రెండు పాత రేడియోల స్పీకర్ జాలీలకు అక్కడ రంగు వేయించాను. ఒకటి మా తాతగారి మర్ఫీ టేబుల్ రేడియోకు ఉండే స్టీలు రేకు జాలీ, రెండవది మా నాన్నగారి ఫిలిప్స్ ట్రాన్సిస్టర్‌కు ఉండే అల్యూమినియం జాలీ. మొదటిది నేను కోరుకున్న దానికంటే బాగా వచ్చింది. రెండవదాన్ని మళ్లీ చేయించవలసి వచ్చింది. పాత రేడియోలను బాగు చేసుకునేవారికి ఉపయోగపడుతుందని ఈ రెండు అనుభవాలనూ వివరంగా రాస్తున్నాను.

రేడియో పెట్టె కర్రకు పాలిష్ పెట్టడం తెలిసినవారు, కెపాసిటర్లు మార్చగలవారు మనలో చాలామందే ఉన్నారు. జాలీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎక్కువమంది ఒక స్ప్రే డబ్బా కొనుక్కొచ్చి ఒకే దఫాలో దట్టంగా కొట్టేస్తారు. రంగు మెరుస్తుంది కానీ రంధ్రాలు పూడిపోతాయి. ధ్వని బయటకు రావడానికి దారి ఇవ్వడమే జాలీ చేసే పని కాబట్టి, దానికి వేసిన రంగు బాగుందో లేదో తేల్చేది నునుపు కాదు, వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు ఎన్ని రంధ్రాలు శుభ్రంగా కనిపిస్తున్నాయన్నదే. నేను ఏ పనివాడినైనా ఈ ఒక్క పరీక్షతోనే అంచనా వేస్తాను.

ఈ షెడ్డుకు చేరకముందు మర్ఫీ జాలీని ఒక పౌడర్ కోటింగ్ యూనిట్‌లో ఇచ్చి నష్టపోయాను. పౌడర్ కోటింగ్ మంచి పద్ధతే. పొడి రంగుకు విద్యుదావేశం ఇచ్చి లోహానికి అంటించి, ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అది కరిగి గట్టి పొరగా మారుతుంది. కిటికీ చువ్వలకూ గేట్లకూ దానికి మించినది లేదు. అయితే ఆ పొర మందం సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. మా జాలీ రంధ్రం అడ్డుకొలత 1.5 మిల్లీమీటర్లు. చుట్టూ 80 మైక్రాన్ల పొర పడితే అది 1.34కు తగ్గుతుంది, అంటే రంధ్రం వైశాల్యంలో అయిదో వంతు పోయినట్లే. ఆ మాత్రం తగ్గుదలను చెవి పెద్దగా పట్టుకోకపోవచ్చు. కానీ అంచు వరుసల్లో చాలా రంధ్రాలు పూర్తిగా మూసుకుపోయాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది పెట్టెలో బిగించేటప్పుడు ఎదురైంది. జాలీని పట్టి ఉంచే రేకు చెవులు మందమై గాడిలో దూరలేదు. వంచబోతే పొర పగిలి లోపలి ఇనుము బయటపడింది, ఒక చెవి విరిగింది. సరిగా కూర్చోని జాలీ, వార్తలు చదివేవారి గొంతు కాస్త బరువైనదైతే చాలు, గరగరమని అదిరేది.

ఆ పొరను రసాయనంతో ఊడదీసి, విరిగిన చెవిని అతికించి, తుప్పు తీసే పని ఇంట్లోనే చేసుకున్నాను. లీటరు నీటికి సుమారు 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, స్టీలు జాలీని అందులో ఒక రాత్రి ఉంచితే తుప్పు మెత్తబడి బ్రష్షుకు వచ్చేస్తుంది. తరువాత వంట సోడా నీళ్లతో కడిగి వెంటనే హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టాలి. లేకపోతే మన కోస్తా గాలికి గంటలోపే పలచని ఎర్రపొర మళ్లీ కమ్ముకుంటుంది. అల్యూమినియానికీ, జింకు పూత ఉన్న రేకుకూ ఈ స్నానం పనికిరాదు. పాత రంగును గీకవలసి వస్తే పొడిగా గీకవద్దని గట్టిగా చెబుతున్నాను. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అంతకు యాభై ఏళ్ల ముందు వేసిన రంగు ధూళిని పీల్చడం మంచిది కాదు. వాటర్ పేపర్‌తో, తడిగా ఉంచుతూ, ముక్కుకు మాస్కు కట్టుకుని చేసుకోవాలి.

షెడ్డులో మొదట నన్ను ఆకట్టుకున్నది రంగు ఎంచుకున్న తీరు. మర్ఫీ జాలీది మసకబారిన బంగారు రంగు. ముందువైపు అరవై ఏళ్ల ఎండకూ పొగకూ గోధుమ వర్ణంలోకి మారిపోయింది. పౌడర్ కోటింగ్‌కు ఇచ్చే ముందు తీసిన ఫోటోలు చూపిస్తే, అన్నదమ్ముల్లో పెద్దాయన వాటిని పక్కన పెట్టి, “ఫోటోలో రంగు నమ్మకూడదు సార్, చెక్క కింద దాక్కున్న ముక్క ఏమన్నా ఉందా?” అని అడిగారు. పెట్టె లోపల జాలీతో పాటు అదే రంగు వేసిన బిగింపు పట్టీ ఒకటి ఉంది. దానికి వెలుతురు తగలలేదు. ఆయన దాన్ని ట్యూబ్‌లైట్ కింద కాకుండా బయట ఎండలోకి తీసుకువెళ్లి, సిల్వర్‌లో పసుపు, ఒక చుక్క నలుపు కలుపుతూ, రేకు ముక్కల మీద నాలుగు నమూనాలు వేసి పక్కపక్కన పెట్టి చూశారు. నాలుగోది కుదిరింది. గంటకు పైగా పట్టిన ఈ పనికి ఆయన విడిగా డబ్బు అడగలేదు.

రంగు రకం విషయంలో నేను డ్యూకోనే కోరాను. 1920లలో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ రంగు పేరు అది. మన షెడ్లలో ఆ రకం రంగులన్నింటికీ అదే పేరు స్థిరపడిపోయింది. ఈనాటి కార్లకు వేసే పీయూ (పాలీయురేథేన్) రంగు అంతకంటే గట్టిది, ఎక్కువ కాలం మన్నుతుంది. అయినా దానిలో కలిపే హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, పైగా ఒకసారి గట్టిపడితే థిన్నర్‌కు లొంగదు. డ్యూకోనైతే రేపు నాకంటే బాగా తెలిసినవారు ఎవరైనా థిన్నర్‌తో తుడిచివేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. పాత వస్తువుకు మనం చేసే ఏ పనైనా వెనక్కి తీసుకోగలిగినదై ఉండాలని నేను నమ్ముతాను.

ఇక రంగు కొట్టిన పద్ధతి. రేకు మీద చిన్న సొట్టలు రెండు ఉన్నాయి. లప్పం పెట్టమని అడిగితే, “పెట్టామంటే బొక్కలు పూడిపోతాయి సార్, వెనక నుంచి తట్టి తీస్తాను” అని చెప్పి, కర్ర దిమ్మ మీద గుడ్డ పరిచి నెమ్మదిగా తట్టి సరిచేశారు. తరువాత జాలీని తీగతో పైనుంచి వేలాడదీశారు. రంగు పట్టుకోవడానికి ముందుగా వేసే ప్రైమర్‌ను బాగా పలచన చేసి, స్ప్రే గన్‌ను ఎదురుగా కాకుండా ఏటవాలుగా పట్టుకుని, ముందు ఎడమ నుంచి, తరువాత కుడి నుంచి కొట్టారు. అలా చేస్తేనే రంధ్రాల లోపలి గోడలకు రంగు పడుతుందట. ప్రతి కోటుకూ మధ్య గన్‌లో రంగు ఆపి, వట్టి గాలిని వెనకవైపు నుంచి వదిలారు. తడిగా ఉన్న సన్నని పొరలు రంధ్రాల్లో నుంచి చిన్న చిన్న బుడగల్లా పగిలిపోవడం నేను దగ్గర నిలబడి చూశాను. చివరి కోటు తరువాత జాలీని ట్యూబ్‌లైట్‌కు అడ్డంగా పట్టుకుని వరుస తరువాత వరుస చూసి, మూసుకున్న మూడు రంధ్రాలను చీపురుపుల్ల కొసతో, అంచు చెదరకుండా తెరిచారు. పలచగా కొట్టిన డ్యూకో కోటు ఒక్కొక్కటి ఆరిన తరువాత చాలా సన్నగా ఉంటుంది కాబట్టి, ఒక ప్రైమరు, రెండు రంగు కోట్లు వేసినా రంధ్రాలు నిలిచాయి. బిగింపు చెవులకు నేను అడగకుండానే ముందే టేపు చుట్టారు.

జాలీ వెనుక కొత్త గుడ్డ వేసి, అంచుకు సన్నని ఉన్ని పట్టీ అంటించి బిగించాను. అంతకుముందు, గుడ్డ రంగుకు అతుక్కుపోకుండా వారం రోజులు ఆగాను. ఈ వారం ఎవరూ తగ్గించుకోవద్దు. పైకి ఆరినట్లే ఉన్నా థిన్నర్ వాసన పూర్తిగా పోయేదాకా లోపల మెత్తగానే ఉంటుంది. ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద పెట్టి విన్నప్పుడు అదురు పోయింది. మీడియం వేవ్‌లో పైస్థాయి ధ్వనులు ఎటూ తక్కువే కనుక అద్భుతమేదో జరిగిందని చెప్పను. కానీ ‘స’, ‘శ’ పలికినప్పుడు మాట స్పష్టంగా ఉంది, వీణ మంద్రస్థాయికి దిగినప్పుడు రేకు చప్పుడు కలవడం లేదు. మా అమ్మగారు జాలీ మీద చేయి వేసి తాతగారి రేడియో ఇలాగే ఉండేదని అన్నారు. ఆమె చిన్ననాట ఆ రేడియోకు లైసెన్సు కట్టడానికి తాతగారితో కలిసి పోస్టాఫీసుకు వెళ్లేవారట.

రెండవ జాలీ దగ్గర షెడ్డు లోపం బయటపడింది. అల్యూమినియానికి గాలి తగలగానే కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, మామూలు ప్రైమర్ దానిని పట్టుకోదు. దానికి ఆ పైపొరను కొద్దిగా కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ కావాలి. ఆ రోజు పెద్దాయన ఊళ్లో లేరు. తమ్ముడు స్టీలుకు వేసిన ప్రైమర్‌నే దీనికీ వేశారు. చూడడానికి ఏ లోపమూ లేదు. మూడు వారాల తరువాత ట్యూనింగ్ గుండీ పక్కన గోరు తగిలితే చిన్న పెచ్చు లేచింది, లాగితే పొరలు పొరలుగా వచ్చేసింది. తిరిగి తీసుకువెళ్లినప్పుడు వాదించకుండా తప్పు ఒప్పుకున్నారు, మొత్తం ఊడదీసి, ఎచ్ ప్రైమర్ తెప్పించి డబ్బు తీసుకోకుండా మళ్లీ వేశారు. ఇప్పటికి ఏడు నెలలైంది, రంగు నిలిచే ఉంది. కానీ మొదటిసారి జాలీని ఇచ్చేటప్పుడు అది ఏ లోహమో చెప్పనందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. రెండుసార్లు గీకడం వల్ల ఆ పలచని రేకు ఒక మూల కొద్దిగా వంగింది. మీరు ఎక్కడ ఇచ్చినా ముందుగా అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోకపోతే అల్యూమినియం అయ్యే అవకాశం ఉందని గుర్తించి, ఎచ్ ప్రైమర్ అన్న మాట పనివాళ్ల చేత చెప్పించుకుని మరీ ఇవ్వండి.

ఖర్చు ఒక్కో జాలీకి 600 రూపాయలైంది. స్ప్రే డబ్బాతో పోలిస్తే ఎక్కువే, దొరికిన పనితనానికి మాత్రం తక్కువ. సమయం విషయంలో ఓపిక పట్టాలి. కార్ల పని ఉన్నంతకాలం మన చిన్న రేకు మూలన పడి ఉంటుంది, రెండు రోజులన్నది పది రోజులైంది. వానాకాలంలో అసలే ఇవ్వకండి, గాలిలోని తేమ వల్ల డ్యూకో తెల్లగా పాలిపోతుంది. మే నెల మధ్యాహ్నాల్లో కొడితే తుంపర గాలిలోనే ఆరిపోయి ఇసుక చల్లినట్లు గరుకుగా పడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు విడిచాక, ఉదయం పది దాటిన తరువాతి వేళ దీనికి సరైనది. కంపెనీ గుర్తు ఉన్న బ్యాడ్జీని జాలీ నుంచి మీరే విప్పి ఇంట్లో ఉంచుకోండి. దాని వెనుక మేకుల్లాంటి సన్నని కాళ్లు ఒకసారి విరిగితే మళ్లీ దొరకవు.

ఇంకొక బుష్ రేడియో జాలీ తుప్పు తీసి, కొబ్బరినూనె రాసి, కాగితంలో చుట్టి ఉంచాను. సంక్రాంతి వెళ్లాక, పెద్దాయన షెడ్డులో ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కుని, నూనె జిడ్డంతా థిన్నర్‌తో తుడిచి తీసుకువెళ్తాను.