వీరాయిడ్ స్టూడియో రివ్యూ: గుండుకు ఫుల్ మార్కులు, పైటకు పాస్ మార్కులే

వీఆర్‌చాట్ అంటే జనం 3డి బొమ్మల రూపంలో కలుసుకునే ఆన్‌లైన్ లోకం. అలాంటి చోట్ల మన తరఫున తిరిగే బొమ్మలు, అంటే అవతార్లు, ఊరికే దొరికేవి లెక్కలేనన్ని. వాటిలో మన తిరుపతి మనిషిలా కనిపించేది వెతికి పట్టుకోవడం మాత్రం కష్టం. బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో మొదటినుంచి బొమ్మ చెక్కే ఓపిక లేనివాళ్లకు, స్లయిడర్లు జరిపి అవతార్ తయారుచేసుకునే వీరాయిడ్ స్టూడియో మంచి దారి. జపాన్ కంపెనీ పిక్సివ్ దీన్ని ఉచితంగా ఇస్తోంది. 2018లో బీటాగా వచ్చి 2021లో 1.0 అయింది. విండోస్, మ్యాక్, ఐప్యాడ్‌లలో నడుస్తుంది. బొమ్మ వీఆర్ఎం అనే 3డి అవతార్ ఫైలుగా బయటికొస్తుంది. ఒక్క సంగతి ముందే తెలుసుకోవాలి. స్లయిడర్లు ఎంత లాగినా పోలిక జపాన్ కార్టూన్‌దే. అచ్చం తన మొహమే కావాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

మొదటి తంటా ఒంటిరంగుతోనే. శాంపిల్ బొమ్మలు దాదాపు అన్నీ తెల్లతోలువే. స్లయిడర్‌తో చామనఛాయకు దించితే పైరంగు మారుతుంది గానీ నీడ పడే చోట పాత లేత గులాబీయే ఉండిపోయి, మొహం బూడిద పూసినట్టు తయారవుతుంది. నీడ రంగును విడిగా ముదురు గోధుమకు దించాలి. మొహం ఒక టెక్స్చర్ (బొమ్మ మీద చుట్టే రంగు చిత్రం), ఒళ్లు ఇంకో టెక్స్చర్. బ్రష్ పట్టుకుని మొహానికి మాత్రమే రంగు పూస్తే మెడ దగ్గర గీత పడి, మాస్క్ పెట్టుకున్నట్టుంటుంది.

ఇక గుండు. కొండకెళ్లి తలనీలాలిచ్చి, గంధం రాసుకుని దిగొచ్చిన అవతారం చేయడం ఇందులో అన్నిటికన్నా తేలిక. జుట్టు పాయలన్నీ డిలీట్ చేయండి. కింద బేస్ హెయిర్ అని తలకు అంటుకున్న పొర ఒకటి మిగులుతుంది. దాన్ని తీసేస్తే నున్నటి గుండు. తీసేయకుండా దాని టెక్స్చర్‌నే లేత పసుపుతో నింపి, అక్కడక్కడా పల్చగా చెరిపితే గంధం ఆరి పెచ్చులు లేస్తున్నట్టు వస్తుంది. జుట్టు పోయాక తల కాస్త పెద్దదిగా బయటపడుతుంది, సైజు స్లయిడర్ కొంచెం తగ్గించుకోవాలి. నామాన్ని మొహం టెక్స్చర్ మీద కొత్త లేయర్‌గా గీయాలి, చర్మం లేయర్ మీద నేరుగా గీస్తే తర్వాత చెరపడం నరకం. వైష్ణవుల్లో ఒక శాఖవాళ్లు పెట్టుకునే తెంగలై నామానికి ముక్కు మీదికి దిగే పాదం ఉంటుంది. ఈ బొమ్మల ముక్కు కత్తిలా సన్నం కాబట్టి ఆ పాదం వంకరపోతుంది. దాన్ని పొట్టిగా గీస్తే సరి.

చీర దగ్గరికొచ్చేసరికి వీరాయిడ్ చేతులెత్తేస్తుంది. చీర టెంప్లేట్ లేదు. పొడవాటి స్కర్ట్ తీసుకుని, నిలువు గీతలు నీడలుగా వేసి కుచ్చిళ్లు అనిపించాలి. నడిచేటప్పుడు మోకాలు బట్టలోంచి పొడుచుకొస్తుంది. పైటకు చాలామంది చేసే పని, జుట్టు టూల్‌తో వెడల్పాటి పాయ గీసి భుజం మీద వేయడం. చూడ్డానికి బ్రహ్మాండం, కానీ జుట్టు తల బోన్‌కు (బొమ్మను కదిలించే లోపలి ఎముకకు) కట్టి ఉంటుంది గనుక బొమ్మ తల పక్కకు తిప్పితే కొంగు కూడా తలతో పాటు తిరుగుతుంది. బ్లెండర్‌లో దాన్ని ఛాతీ బోన్‌కు మార్చగలిగితేనే ఆ దారి పట్టండి. లేదంటే రవిక మీద ఇంకో టాప్ పొర వేసి, ఏటవాలు పట్టీ తప్ప మిగతాదంతా పారదర్శకంగా చెరిపేయాలి. ఈ పద్ధతిలో పైట ఒంటికి అతుక్కునే ఉంటుంది, గాలికి ఎగరదు.

బట్ట డిజైన్‌కు శ్రీకాళహస్తి కలంకారీ బాగా నప్పుతుంది. ఫ్లాష్ లేకుండా, ఎండ నేరుగా పడని వసారాలో బట్టను చదునుగా పరిచి, నిటారుగా పైనుంచి ఫొటో తీయాలి. ముడతల నీడలు ఫొటోలో పడితే బొమ్మ మీద మరకల్లా కనిపిస్తాయి. 2048 పిక్సెళ్ల చదరంగా కత్తిరించి లేయర్‌గా దిగుమతి చేసుకోండి. ముందు ముక్క, వెనక ముక్క వేరువేరు కాబట్టి పక్క కుట్టు దగ్గర నెమళ్లు సగానికి తెగుతాయి. అంచును మాత్రం విడి లేయర్‌లో పెట్టి రెండు ముక్కల్లోనూ ఒకే ఎత్తుకు జరపాలి. ఎగుమతి చేసేటప్పుడు మెటీరియల్స్ (ఒక్కో భాగం పైపూత సెట్టింగులు) కలిపే చోట టెక్స్చర్ సైజు 1024 పెడితే కలం గీతలన్నీ అలుక్కుపోతాయి.

వీఆర్‌చాట్‌కు ఎక్కించేటప్పుడు అసలు లెక్కలు మొదలవుతాయి. కంప్యూటర్ వైపు బొమ్మలో 70,000 ట్రయాంగిల్స్ (ఆకారాన్ని కట్టే చిన్న త్రిభుజాలు) దాటితే వెరీ పూర్, అంటే మరీ బరువైన అవతార్, అనే ముద్ర. క్వెస్ట్ వీఆర్ హెడ్‌సెట్, ఆండ్రాయిడ్ వైపు ఆ హద్దు 20,000, డౌన్‌లోడ్ సైజు 10 ఎంబీ మించకూడదు. వీరాయిడ్ బొమ్మల్లో ఎక్కువ బరువు జుట్టుదే, కాబట్టి ఒత్తు జడకన్నా గుండే ఈ గీత లోపలికి సులువుగా దూరుతుంది! బొమ్మ ఉపరితలం ఎలా కనిపించాలో లెక్కకట్టే మొబైల్ షేడర్లకు పారదర్శకత తెలియదు. అందువల్ల కనురెప్పల చుట్టూ, పైట పొర చుట్టూ చెరిపేసిన భాగం గట్టి అట్టలా తేలుతుంది. ఎగుమతి కిటికీలో పారదర్శక మెష్‌ను (బొమ్మ ఉపరితలంలోని ఆ భాగాన్ని) తీసేసే ఆప్షన్ టిక్ చేస్తే చాలావరకు పోతుంది, అంచు మాత్రం రంపపు పళ్లలా మిగులుతుంది.

వెర్షన్ అడిగినప్పుడు వీఆర్ఎం 0.0 ఎంచుకోండి, యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో వాడే వీఆర్‌చాట్ కన్వర్టర్‌కు అదే కావాలి. ఆ కిటికీలోనే అవతార్‌ను ఎవరు వాడొచ్చు, హింసకు, అశ్లీలానికి, వ్యాపారానికి వాడొచ్చా అని అడుగుతుంది. నామం పెట్టిన బొమ్మ అయితే అక్కడ గబగబా నొక్కుకుంటూ పోకుండా చదివి ఎంచుకోండి. వీఆర్‌చాట్‌లో కొత్తగా చేరినవాళ్లు విజిటర్ హోదాలో ఉన్నంతవరకు సొంత అవతార్ ఎక్కించలేరు. కొన్నాళ్లు అక్కడ తిరిగి న్యూ యూజర్ అయ్యాకే ఆ బటన్ తెరుచుకుంటుంది.