బరంపురంలో అరవై హెర్ట్జ్ రికార్డు ప్లేయరు: తొమ్మిదేళ్ల వాడకం

అమెరికాలో ఇల్లు మారుతూ మా బావగారు వదిలించుకున్న బెల్టు డ్రైవు రికార్డు ప్లేయరు 2016లో బరంపురంలోని మా ఇంటికి చేరింది. జపానులో తయారైన ఆ మోడలు ఇప్పుడు కొత్తగా దొరకదు కాబట్టి పేరు చెప్పి ఎవరినీ ఊరించను. అలాంటి యంత్రమే చేతికొచ్చిన వారికి ఏమేమి ఎదురవుతాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అది 110 వోల్టుల యంత్రం గనుక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొని తగిలించి, అమెరికన్ రాక్ బృందం వెల్వెట్ అండర్‌గ్రౌండ్ 1967లో గాయని నికోతో కలిసి తెచ్చిన తొలి ఎల్పీ ప్రతిని పెట్టాను. ఆ బృందం గాయకుడు లూ రీడ్ నిద్రమత్తులో పాడుతున్నట్టు వినిపించినా ఆ బృందం తీరే అంత అని సరిపెట్టుకున్నాను గానీ, నికో వంతు వచ్చేసరికి స్పీకర్లలోంచి మగవాడి గొంతు వచ్చింది. పాత బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే ఒడియా పెద్దాయన దగ్గరికి మోసుకెళ్లాను. ఆయన మూత తీసి మోటారు మీది చీటీ చదివి, "ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజి తగ్గిస్తుంది ఆజ్ఞా (అయ్యా), హెర్ట్జులను మార్చదు కదా" అని తెలుగులోనే తేల్చేశారు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మనది 50. కరెంటు లయను బట్టి తిరిగే మోటారు కాబట్టి, నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన పళ్లెం 28 చుట్ల దగ్గర ఆగిపోతోంది. పాట సుమారు మూడు స్వరస్థానాలు కిందికి దిగుతోంది.

బెల్టును లాగే మోటారు కప్పీని ఆరింట ఒకటి కాక ఐదింట ఒకటో వంతు లావు చేయాలని లెక్క. లేత్ మిషను ఉన్న కుర్రవాడు ఇత్తడి కడ్డీలోంచి పది మిల్లీమీటర్లకు బదులు సరిగ్గా పన్నెండు మిల్లీమీటర్ల కప్పీ తీసి ఇచ్చాడు. అయినా వేగం రవ్వంత తగ్గింది. చుట్టూ 180 గీతలున్న అట్టబిళ్లను పళ్లెం మీద పెట్టి కరెంటు లయకు మినుకుమనే పాత చోకు ట్యూబులైటు కింద చూస్తే, వేగం సరిగా ఉన్నప్పుడు కదలకుండా నిలబడవలసిన గీతలు మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. బెల్టు మందాన్ని లెక్కలో కలపకపోవడం నా తప్పు. రెండో కప్పీని ఒక వెంట్రుకవాసి లావుగా తీయించాక గీతలు నిలిచాయి, నికోకు ఆమె గొంతు తిరిగి వచ్చింది. (ఎల్ఈడీ బల్బు కింద ఈ పరీక్ష చాలామటుకు పనిచేయదు, అందుకే ఇంట్లో ఆ ఒక్క ట్యూబులైటును మార్చనివ్వలేదు.)

ఇంత అవస్థ పడి కూడా దీన్ని వదలకపోవడానికి కారణం ముల్లును మోసే దాని చేయి. ముల్లు బరువును మనమే దిద్దుకోవచ్చు. 2019లో బిగించిన ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిజి (ముల్లు ఉండే భాగం) రెండు గ్రాముల బరువుతో నడుస్తుంది. పెట్టె ఆకారంలో అందంగా కనిపించే చవక ప్లేయర్లలో ముల్లు అంతకు రెండు మూడు రెట్లు బరువుగా గాడిని దున్నుతుంది. సినిమా పాటల రికార్డు అరిగితే మరొకటి వెతుక్కోవచ్చు. కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో ఒక పూటంతా దుమ్ములో కూర్చుంటే దొరికిన మొహీనేర్ ఘొడాగులి వారి 1977 నాటి తొలి రికార్డు అరిగితే ఎక్కడికి పోను? వచ్చిన రోజుల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని బెంగాలీ రాక్ బృందం అది. జీవనానంద దాస్ కవితలోంచి పేరు తీసుకుంది. ఆ ప్రతి మీద గీతలున్నాయి, అయినా తీగల మోత మధ్య మాటలు విడివిడిగా వినిపిస్తాయి.

లోపాలూ ఉన్నాయి. రికార్డు అంచున ముల్లు కింద గాడి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు కదిలితే, మధ్యలోని చీటీ దగ్గరికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అందువల్ల వెల్వెట్ ఎల్పీ రెండో వైపు చివర వచ్చే ఏడు నిమిషాల పైచిలుకు గోల ఈ ముల్లుతో ఇంకా గోలగానే ఉంటుంది. వేసవిలో బెల్టు సాగుతుంది. గోపాలపురం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి వానాకాలంలో అట్టలకు బూజు పడుతుంది. ఇన్వర్టరు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరులో ఒక చుక్క సబ్బు కలిపి గాడి వెంట తుడుస్తాను. మా అమ్మ "ప్లేట్లు" అని పిలిచే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులను మాత్రం స్పిరిటుతో తుడవకండి. అవి లక్కతో చేసినవి. ఒకటి కరిగి మసకబారాక గాని నాకు ఆ సంగతి తెలియలేదు, ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆదివారం సాయంత్రాలు రాయగడ నుంచి ఒక మిత్రుడు వస్తుంటాడు. ఆయన దగ్గర సిగరెట్ల ప్రచారం కోసం జరిగిన సిమ్లా బీట్ అనే రాక్ బృందాల పోటీల 1970, 1971 ఎల్పీల మళ్లీముద్రణలున్నాయి. షిల్లాంగు, మద్రాసు కుర్రాళ్లు యాభై ఏళ్ల కిందట ఇలా వాయించారా అని మా మేనల్లుడు మొదటిసారి నోరు తెరిచాడు. వాడే ఇప్పుడు ముల్లు దించుతాడు. "మామయ్యా, చేయి వణుకుతోంది" అంటాడు. దించే మీట ఉంది, వాడరా అంటాను, వాడడు.

బెల్టు ఈ వేసవికి మూడోది. రెండు కప్పీలూ దాచుకున్నాను, మొదటిదాంతో సహా.