బరోలో 2016: పలుచని రంగు, గట్టి వగరు

ఇటలీ ఎర్ర వైన్ బరోలోను మొదటిసారి రుచి చూసేవారిని ముందుగా మోసం చేసేది దాని రంగు. గ్లాసులో పోసిన వైన్ దానిమ్మ రసంకంటే పలుచగా, అంచుల వద్ద ఇటుక రంగుకు తిరిగి, వెనుక పెట్టిన వేలు కనిపించేంత తేటగా ఉంటుంది. చూపుకు ఇంత లేతగా ఉన్నది నోటికీ తేలికగానే ఉంటుందనుకొని పెద్ద గుక్క వేస్తే, పచ్చి వక్క నమిలినట్లు చిగుళ్లు, బుగ్గలు ఒక్కసారిగా పట్టేస్తాయి. ఆ వగరే బరోలోకు ప్రాణం. దానికి తగిన తిండి పక్కన లేకుండా తాగితే ఈ వైన్‌కు అన్యాయం చేసినట్లేనని నా గట్టి అభిప్రాయం.

ఇటలీ వాయవ్య భాగాన, పియెమోంటే ప్రాంతంలో, ఆల్బా పట్టణానికి చేరువలో ఉన్న లాంగే కొండల మీది 11 గ్రామాల పరిధిలో పండే నెబ్బియోలో ద్రాక్షతో మాత్రమే దీనిని తయారుచేస్తారు. 1980లో ఇటలీ వైన్లకిచ్చే డీఓసీజీ అనే అత్యున్నత హోదా పొందిన ఈ వైన్ కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, మాగిన తరువాతే అమ్మకానికి రావాలి. ఎక్కువ కాలం మాగినదని తెలిపే రిజర్వా అన్న మాట ముద్రించిన సీసాకైతే 62 నెలలు పడుతుంది. గ్రామాన్నిబట్టి స్వభావమూ మారుతుంది. లా మోర్రా వైపు పండినది కొంత మెత్తగా, త్వరగా సువాసన విప్పేదిగా ఉంటే, సెర్రలుంగ వైపుది బిగువుగా, ఏళ్లు గడిస్తే తప్ప లొంగనిదిగా ఉంటుంది. టూరిన్‌లో 45 యూరోలు పెట్టి నేను కొన్నది సెర్రలుంగ సీసా, 2016 పంట.

మూత తీసిన వెంటనే వాసన దాదాపు లేదు. వెడల్పాటి గాజు జాడీలోకి వంచి రెండు గంటలు వదిలేశాక ముందు ఎండిన గులాబీ రేకులు, తరువాత పుల్లని చెర్రీ, అతిమధురం వేరు, అన్నిటి అడుగున ఎండకు మెత్తబడిన తారు వాసన ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. గులాబీ, తారు కలిసిన ఈ జంట వాసనను మరే వైన్‌లోనూ ఇంత స్పష్టంగా నేను ఎరుగను. ఆల్కహాల్ 14.5 శాతం ఉన్నా, వెన్నెముకలా నిలబడిన పులుపు వల్ల గొంతులో మంట తెలియలేదు.

వగరుకు మూలమైన టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకోవడం వల్లనే నోరు ఎండినట్లవుతుంది. మాంసమో కొవ్వో నోటిలో ఉంటే ఆ పట్టు సడలుతుంది, వైన్‌లోని పండు రుచి పైకి తేలుతుంది. పియెమోంటేవారు గొడ్డు మాంసాన్ని ఇదే వైన్‌లో గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికించి బ్రజాటో వండడంలోని మర్మం ఇదే. గుడ్డు సొనలతో చేసిన సన్నని తాయరిన్ అనే పాస్తా మీద వెన్న వేసి, శరదృతువులో దొరికే ఆల్బా తెల్ల ట్రఫుల్ అనే నేలలో పెరిగే పుట్టగొడుగును తరిగి వడ్డిస్తే, వైన్‌లోని తడి మట్టి వాసన ట్రఫుల్ వాసనతో కలిసిపోతుంది. మాంసం తిననివారికి పుట్టగొడుగులతో మెత్తగా వండిన ఇటలీ అన్నం, రిజొట్టో, చక్కగా సరిపోతుంది. చేపలతో మాత్రం వద్దు. నోటిలో ఇనుప రుచి మిగులుతుంది.

మన వంటలతోనూ పరీక్షించాను. గోంగూర మాంసంలోని పులుపు వైన్ పులుపుతో కలిసినా, మిరప కారం వగరునూ ఆల్కహాల్ ఘాటునూ రెట్టింపు చేసి రెండింటినీ చెడగొట్టింది. ఎండుమిర్చి లేకుండా మిరియాలు, లవంగాలు వేసి మెత్తగా ఉడికించిన మటన్‌తో మాత్రం ఎంతో బాగా కుదిరింది.

16 నుంచి 18 డిగ్రీల మధ్య వడ్డించడం ముఖ్యం. ఒక భోజనశాలలో గోరువెచ్చగా, అప్పటికప్పుడు మూత తీసి పోసిన బరోలోలో నాకు ఆల్కహాల్ తప్ప మరేమీ తెలియలేదు. నా సీసాలో పావువంతు మిగిల్చి, మూత పెట్టి, మరునాటి సాయంత్రం కాస్తెల్మాన్యో చీజ్‌తో తీసుకున్నాను. వగరు సగానికి తగ్గి, ముందురోజు రెండు గంటలు ఆగితే గాని రాని గులాబీ వాసన మొదటి గుక్కలోనే వచ్చింది.