పాత టేకు సైడ్‌బోర్డు: ఏడాది వాడిన తర్వాత

బర్కత్‌పురాలోని మా ఇంటి భోజనాల గదికి పోయిన ఏడాది వేసవిలో ఒక పాత టేకు సైడ్‌బోర్డు, అంటే పళ్లేలు, గిన్నెలు పెట్టుకునే పొట్టి అల్మారా, కొన్నాము. ఐదడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు, ఎడమ పక్కన మూడు సొరుగులు, కుడి పక్కన జరిపే తలుపులు రెండు, కిందికి పోనుపోను సన్నబడే గుండ్రటి కాళ్లు నాలుగు. నగిషీలు, లతలు ఏమీ లేకుండా చెక్కలోని చారలనే అలంకారంగా నిలిపే ఈ తీరు 1950, 60 దశకాల్లో డెన్మార్క్ పనితనం వల్ల ప్రపంచమంతటా పేరు పొందింది. మాకు 42,000 రూపాయలు పడింది.

దుకాణదారు దీన్ని చండీగఢ్ సామాను అన్నారు. ఆ నగరం కట్టినప్పుడు స్విట్జర్లాండ్ వాస్తుశిల్పి పియెర్ జెన్నరే పర్యవేక్షణలో ప్రభుత్వ కార్యాలయాలకు చేయించిన టేకు కుర్చీలు, బల్లలు ఇప్పుడు విదేశీ వేలంపాటల్లో పెద్ద ధరలు పలుకుతున్నాయి కనుక ఆ పేరు చెప్పే అమ్మకందారులు చాలామందే ఉన్నారు. అసలైనవాటిలో చాలావాటి మీద ఏ కార్యాలయానివో తెలిపే అక్షరాలు, అంకెలు రంగుతో రాసి ఉంటాయి. మా దానిమీద అలాంటి గుర్తేమీ లేదు. ఆ తీరు చూసి మన వడ్రంగి ఎవరో చేసిన పనే అనుకుంటున్నాను, అలా అనుకున్నాక అది నాకు మరింత నచ్చింది.

నా చేత కొనిపించింది సొరుగు. పూర్తిగా బయటికి లాగి, బోర్లించి చూస్తే, ఒక పలక పళ్లు ఇంకో పలక సందుల్లో కూర్చునే డవ్‌టెయిల్ అతుకుల్లో ఏ రెండు పళ్లూ ఒకే వెడల్పులో లేవు; ఉలి ఎక్కడ ఆగాలో తెలియడానికి సూదిమొనతో గీసుకున్న సన్నని గీత ఇప్పటికీ కనబడుతోంది. ఇనుప చానెళ్లు లేవు, చెక్క మీద చెక్కే జారుతుంది. ఇక వెనీర్, అంటే వేరే చెక్క మీద అతికించే పలచని మేలు చెక్క పొర, ఉంటే మోసమని మనవాళ్లు అనుకుంటారు గానీ, డెన్మార్క్‌లో చేసిన మంచి సైడ్‌బోర్డుల్లో కూడా పెద్ద పలకలకు వెనీరే వాడారు. పైపలక చారలు అంచు దాటి పలక కోసిన కొన మీద కూడా కొనసాగితే అది నిండు చెక్క. అంచుకు విడిగా పట్టీ అతికించి ఉంటే వెనీర్. మాది నిండు చెక్కే.

జులై వానలకు కింది సొరుగు బిగుసుకుపోయింది. చిత్రిక పట్టించబోతుంటే మా వీధిలోని పెద్ద వడ్రంగి వద్దన్నారు. "ఇప్పుడు చెక్క ఉబ్బి ఉందమ్మా, ఇప్పుడు తీసేస్తే ఎండాకాలంలో సొరుగు లొడలొడలాడుతుంది, వానలు పోయేదాకా ఆగండి" అని చెప్పి, అది జారే చోట కొవ్వొత్తి రుద్దించారు. దసరా నాటికి అది ఒక వేలితో లాగితే వచ్చేస్తోంది.

నాకు నిజంగా బాధ కలిగించింది వెనుక పలక. మొత్తం టేకే అని నమ్మకంగా చెప్పి అమ్మారు. మూడు నెలల తర్వాత గోడకు సున్నం వేయించడానికి జరిపితే, వెనుక కొత్త ప్లైవుడ్ కొట్టి, టేకు రంగు పూసి ఉంది. అడిగితే "వెనకవైపు ఎవరు చూస్తారండీ" అన్నారు. పాత సామానుకు మరమ్మతు తప్పు కాదు, చెప్పకుండా చేయడమే తప్పు; ముందే చెప్పి ఉంటే ధరలో ఐదారు వేలు తగ్గించమని అడిగి, అప్పుడూ ఇదే కొనేదాన్ని. మెరుపు కోసం దట్టంగా పూసిన పాలిష్ కూడా నచ్చక గీయించి, పలచగా లక్క పాలిష్ పెట్టించాము. అప్పుడు గానీ తేనె రంగు చారలు బయటపడలేదు.

కొనదలచినవారు గోడవార పెట్టిన సామానును ముందుకు జరిపించి, వెనుక కూడా చూడాలి. ఇది విడదీసి తీసుకెళ్లే వస్తువు కాదు కనుక ఇంట్లో లిఫ్టు కొలత కూడా తీసుకోవాలి. మా లిఫ్టులో పట్టక మూడంతస్తులు నలుగురు మోయాల్సి వచ్చింది, దానికి మరో 1,500 రూపాయలు అయ్యాయి.